పన్నెండు మంచాలు అమ్మేసిన తర్వాత

2018 జూన్‌లో మా నర్సింగ్ హోమ్ మేడ మీద ఉన్న పన్నెండు ఇనుప మంచాలను పాత సామాను కొనే వ్యాపారికి అమ్మేశాను. కూలీలు వాటిని ఒక్కొక్కటిగా మెట్ల మీదుగా దింపుతుంటే, పదిహేనేళ్లుగా నా దగ్గర పనిచేస్తున్న కాంపౌండరుగారు గోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డారు తప్ప ఒక చెయ్యి వెయ్యలేదు. బండి కదిలాక మాత్రం, "అయితే ఇకనించి మనది ఆస్పత్రి కాదన్నమాటండి, డాక్టరమ్మగారూ" అన్నారు. బోర్డు మీద నర్సింగ్ హోమ్ అన్న మాట చెరిపించాలి, పెయింటరుకు కబురు చెయ్యండి అని చెప్పి నేను రోగులను చూసే ఓపీ గదిలోకి వెళ్లిపోయాను. ఆ రోజుకు నాకున్న ధైర్యం అంతే. సొంత ప్రాక్టీసు పెట్టాలా, ఏదైనా పెద్ద ఆస్పత్రిలో జీతానికి చేరాలా అని అడగడానికి వచ్చే చిన్న డాక్టర్లకు ఇన్నేళ్లుగా ముక్కలు ముక్కలుగా చెబుతూ వచ్చిన సంగతులను ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

భీమవరంలో నేను ప్రాక్టీసు పెట్టింది 2003లో. అప్పట్లో మా వైపు జనరల్ ఫిజీషియన్ అంటే కింద ఓపీ, పైన పది పన్నెండు పడకలు, మెట్ల కింద మందుల షాపు, పక్క గదిలో ల్యాబు. ఈ నాలుగూ కలిస్తేనే ప్రాక్టీసు అని సీనియర్లు చెప్పేవారు; అప్పు కోసం వెళ్తే బ్యాంకువాళ్లు కూడా ఆ నాలుగూ ఉన్నాయా అని అడిగేవారు. ఈ ఏర్పాటులో ఉన్న మెలికను మేమెవరమూ బయటికి చెప్పుకునేవాళ్లం కాదు. రోగి నాకిచ్చే ఫీజు యాభై రూపాయలు. దానితో అద్దె మాట అటుంచి కరెంటు బిల్లు కూడా తీరదు. ఇంటిని నిజంగా నడిపేవి గది అద్దె, సెలైన్లు, మందుల మీద మిగులు, పరీక్షల మీద మిగులు. అంటే రోగి చెప్పింది వినడానికి, చెయ్యి పట్టుకుని చూడడానికి, ఆలోచించడానికి దాదాపు ధర లేదు. ఆ తర్వాత చీటీ మీద రాసే వాటికే ధర ఉంది. డాక్టరు ఎంత మంచివాడైనా కావచ్చు, ఇలాంటి లెక్క మీద నిలబడిన ఇంట్లో "ఈ జ్వరానికి పడక అక్కర్లేదు, ఇంటికి వెళ్లి నీళ్లు బాగా తాగండి" అన్న ప్రతి మాటా ఆ ఇంటికి నష్టమే.

ఆ లెక్క మెల్లగా కూలిపోయింది. 2005లో 108 అంబులెన్సులు వచ్చాయి. గుండెనొప్పి వచ్చిన మనిషిని ముందుగా నా మేడ మీదికి మోసుకువచ్చే రోజులు తగ్గాయి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. తెల్లకార్డు ఉన్న కుటుంబం పెద్ద జబ్బుకు చేతి డబ్బు పెట్టకుండా ఏలూరులోనో విజయవాడలోనో వైద్యం చేయించుకోగలిగినప్పుడు, నా దగ్గర డబ్బు కట్టి పడుకోవాలని ఎవరికి ఉంటుంది? ఉండకూడదు కూడా. ఆ పథకంలో చేరడానికి కావలసిన పడకలు, ఐసీయూ, ప్రత్యేక నిపుణులు పన్నెండు మంచాల ఇంటికి అందేవి కావు. ఆరోగ్య బీమా తీసుకున్న మధ్యతరగతివాళ్లు, బిల్లును బీమా కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టే క్యాష్‌లెస్ ఉన్న చోటికి మళ్లారు. చాలా కాలం తర్వాత, 2024 జనవరిలో, తమ జాబితాలో లేని ఆస్పత్రుల్లోనూ క్యాష్‌లెస్ ఇస్తామని బీమా కంపెనీలు ప్రకటించినప్పుడు ఆసక్తిగా షరతులు చదివాను. కనీసం పదిహేను పడకలు ఉండాలట. నా మంచాలు అమ్మకుండా ఉంచుకున్నా మూడు తక్కువే.

ఆదాయం అటు తగ్గుతుంటే ఖర్చు ఇటు పెరిగింది. రాత్రి డ్యూటీకి వచ్చే కుర్ర డాక్టరు పీజీ సీటు కోసం చదువుకుంటూ ఉంటాడు, సీటు రాగానే వెళ్లిపోతాడు, వెళ్లాలి కూడా. మేము పని నేర్పిన సిస్టర్లు మొదట హైదరాబాద్ కార్పొరేట్ ఆస్పత్రులకు, తర్వాత గల్ఫ్ దేశాలకు వెళ్లారు; ఇప్పటి పిల్లలు జర్మన్ భాష నేర్చుకుంటున్నారు. ప్రైవేటు వైద్య సంస్థల మీద రాష్ట్రం చేసిన 2002 నాటి చట్టం కింద రిజిస్ట్రేషన్, అగ్నిమాపక శాఖ అనుమతి, 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో చెత్తను వేరుచేయడం, శుద్ధి చేయని వ్యర్థాలను 48 గంటలు దాటి ఉంచకపోవడం, వీటిలో అనవసరమైనది ఒక్కటీ లేదు. వాడిన సూదులను అంతకుముందు మేము పారేసిన తీరు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గు వేస్తుంది. అయితే రెండు వందల పడకల ఆస్పత్రిలో ఈ పనులకు ఒక విభాగం ఉంటుంది, నా దగ్గర ఆ విభాగం నేనే. 2017లో మా ఆడిటరుగారు మేడ మీది లెక్కనూ కింది ఓపీ లెక్కనూ మొదటిసారి విడదీసి చూపించారు. పన్నెండు మంచాల్లో సగటున నాలుగో అయిదో నిండుతున్నాయి. కింద ఓపీలో సంపాదించింది పైన జీతాలకు పోతోంది. ఎవరైనా సలహా అడిగితే నేను మొదట చెప్పేది, లెక్కలు విడదీసి చూడమని. మనం దేని మీద బతుకుతున్నామో మనకే తెలియకుండా పోవచ్చు. నాకు పద్నాలుగేళ్లు తెలియలేదు.

మంచాలు తీసేసిన ఏడాదిన్నరకు, 2020 జనవరిలో, చికిత్స ఖర్చు వెయ్యి రూపాయలు దాటితే ఆరోగ్యశ్రీ వర్తింపజేసే ప్రయోగాన్ని ప్రభుత్వం అప్పటి మా ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లాలోనే, ఏలూరులో మొదలుపెట్టింది. 2023 డిసెంబరులో ఒక కుటుంబానికి ఏడాదికి భరించే ఖర్చు పరిమితి 25 లక్షలకు పెరిగింది, 2024లో పథకం పేరు ఎన్టీఆర్ వైద్య సేవగా మారింది, 2025 సెప్టెంబరులో రెండున్నర లక్షల వరకు బీమా కంపెనీ, ఆపైన పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు భరించే పద్ధతికి మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఈ మధ్యలోనే ప్రభుత్వం నుంచి బకాయిలు రాలేదని పథకంలో చేరిన నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపడం, చర్చలు జరగడం, మళ్లీ మొదలుపెట్టడం ఒకటికి రెండుసార్లు చూశాం. పథకాన్ని నేను తప్పుపట్టను, దాని వల్ల బతికినవాళ్లు నా రోగుల్లోనే ఎంతోమంది ఉన్నారు. రావలసిన డబ్బు కోసం నెలల తరబడి ఆగగలిగే శక్తి పెద్ద సంస్థకు ఉంటుంది, ఒంటరి డాక్టరుకు ఉండదు అని మాత్రమే అంటున్నాను. ఆగలేనివాడు ఆ డబ్బు మీద ఇల్లు కట్టుకోకూడదు.

అలాగని మంచాలు పోవడం వల్ల ఎవరికీ ఏ నష్టమూ జరగలేదని అనను. వానాకాలం నాట్లప్పుడు అర్ధరాత్రి పాము కరిచిందని తలుపు కొట్టేవాళ్లకు ఇప్పుడు నా తలుపు తెరుచుకోదు. డెంగీ కాలంలో ఆ లోటు ఇంకా బాగా కనిపిస్తుంది. జ్వరం తగ్గింది కదా అని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునే రోజునే ఆ జబ్బులో అసలు ప్రమాదం మొదలవుతుంది. చుట్టాలందరూ ప్లేట్‌లెట్ల అంకె మీద చూపు నిలుపుతారు గానీ, కడుపు నొప్పి, ఆగని వాంతులు, రక్తం చిక్కబడడం అంతకంటే ముందుగా హెచ్చరిస్తాయి. అలాంటివాళ్లను పడక ఉన్న చోటికి పంపక తప్పదు. అందుకని ఉత్త చీటీ మీద "అడ్మిషన్ నిమిత్తం" అని రాసి పంపే పాత అలవాటు మానేసి, జ్వరం ఎన్నో రోజు, ఏ మందులు వేసుకుంటున్నారు, ఏ పరీక్ష ఏ రోజు చేశాం, నాకు దేని మీద అనుమానం ఉంది అన్నవన్నీ ఒక పూర్తి పేజీలో రాసి, అవతలి డాక్టరుకు ఫోను చేసి చెప్పాకే పంపుతున్నాను. రోగి తిరిగి నా దగ్గరికే వస్తాడన్న నమ్మకం ఆ పేజీ వల్ల ఏర్పడింది. నేను పంపినవాళ్లను తమ రోగులుగా ఉంచేసుకున్న ఆస్పత్రులూ ఉన్నాయి; వాటికి రెండోసారి పంపలేదు.

ఇక ఆర్‌ఎంపీల సంగతి, అంటే డాక్టరు డిగ్రీ లేకుండా పల్లెల్లో వైద్యం చేసేవాళ్ల సంగతి. మా జిల్లాలో ప్రాక్టీసు గురించి రాస్తూ దీన్ని దాటవేస్తే మొత్తం రాసిందంతా అబద్ధమవుతుంది. పల్లెలో మనిషికి ఒళ్లు వెచ్చబడితే మొదట చూసేది ఆర్‌ఎంపీయే. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలో చెప్పేదీ ఆయనే. ఆ మాటకు ధర ఉంది. పెద్ద ఆస్పత్రుల పీఆర్‌ఓలు (రోగులను రప్పించడానికి పెట్టుకున్న ఉద్యోగులు) కార్లలో పల్లెలు తిరిగి, పంపిన రోగి బిల్లులో ఇంత శాతం అని మాట్లాడుకుని వెళ్తారు. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడమూ పుచ్చుకోవడమూ తప్పని మెడికల్ కౌన్సిల్ 2002 నియమావళిలో స్పష్టంగా ఉంది. అది తెలియక కాదు, తెలిసీ ఇచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. మేడ మీది మంచాలు నింపాలంటే వేరే దారి లేదని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని. రోగి కట్టే ప్రతి వెయ్యిలోనూ అతనికి తెలియని మనిషి వాటా ఉన్నప్పుడు, ఆ వాటా ఎక్కడో ఒక అక్కర్లేని పరీక్షగా మారి అతని మీదికే వస్తుంది.

మంచాలతోపాటు ఆ కమీషన్ కవర్లనూ ఆపేశాను. దాదాపు ఏడాదిపాటు పల్లెల నుంచి వచ్చే ఓపీ సగానికి పడిపోయింది, ఇంట్లో నగలు బ్యాంకుకు వెళ్లాయి. అప్పుడు ఒక పని మొదలుపెట్టాను. ఏ ఆర్‌ఎంపీ పంపిన రోగి వచ్చినా, సాయంత్రం ఆయనకు ఫోను చేసి జబ్బు ఏమని తేలిందో, ఏ మందు ఎందుకు ఇచ్చానో, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే పంపాలో రెండు నిమిషాలు చెప్పేదాన్ని. స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఎవరికి ప్రాణాంతకమో, షుగరు మనిషికి కాలి పుండు ఎందుకు చిన్న విషయం కాదో అలాగే చెప్పాను. ఫోన్లు పెట్టేసినవాళ్లు ఉన్నారు. వీరవాసరం వైపు ఒక పల్లెలో ముప్ఫయ్యేళ్లుగా వైద్యం చేస్తున్న పెద్దాయన ఒకరు మాత్రం, "మీరు డబ్బులివ్వరు, సరేనండి. నేను పంపిన మనిషి ఏమయ్యాడో చెప్తున్నారు. ఇన్నాళ్లలో ఆ మాట చెప్పిన డాక్టరు లేరండి, ఆయ్" అన్నారు. నాకు పల్లెల నుంచి రోగులు తిరిగి రావడం ఆయన దగ్గరే మొదలైంది. అందరూ రాలేదు, ఇప్పటికీ రారు. నీరసానికి సెలైన్ ఎక్కించమంటే నేను ఒప్పుకోనని తెలిసి వేరే చోటికి వెళ్లేవాళ్లు ఈ వారంలోనూ ఉన్నారు.

కమీషన్ లేకుండా, పడకలు లేకుండా ప్రాక్టీసు నిలబడాలంటే ఫీజు నిలబెట్టాలి. దీన్ని పైకి అనడానికి మా తరం డాక్టర్లకు నోరు రాదు. అప్పటికి రెండు వందలకు చేరిన ఫీజును నాలుగు వందలు చేసి, రోజుకు తొంభై దాకా పోయే టోకెన్లను నలభైకి కట్టడి చేశాను. పది రోజుల్లోపు రివ్యూకు డబ్బు తీసుకోకూడదన్న మా ఊరి ఆచారాన్ని ముట్టుకోలేదు; దాన్ని తీసేస్తే రోగి రెండోసారి రావడం మానేస్తాడు, జబ్బు సగంలో ఆగిపోతుంది. మొదటి నెల వరండాలో కాస్త గొడవ జరిగింది. మందుల చీటీలో ఎనిమిది వరసలుండేవి నాలుగుకు దిగాయని, పరీక్షలు సగమయ్యాయని జనమే లెక్కవేసుకున్నారు. "ఫీజు పెంచారు, మందులు తగ్గించారు. మొత్తం మీద మాకు మిగిలిందండి" అని ఒక రైతు నా మొహం మీదే అన్నాడు. కట్టలేనివాళ్ల దగ్గర తీసుకోవాలా వద్దా అన్నది రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి నిర్ణయం, నేను అందులో కలగజేసుకోను. ఎవరికి నిజంగా లేదో నాకంటే ఆమెకే బాగా తెలుసు.

మందుల షాపును ఎత్తేశాను. ఇరవై శాతం తగ్గింపు బోర్డు పెట్టిన గొలుసు దుకాణాలు వీధికి రెండు వచ్చాక, ఫోనులో మందులు తెప్పించుకోవడం ముసలివాళ్లు కూడా నేర్చుకున్నాక దానికి అర్థం లేదు. ల్యాబులో అత్యవసరమైన పరీక్షలే ఉంచుకున్నాను. గుండె పనితీరు చూసే ట్రెడ్‌మిల్ పరీక్ష యంత్రం ఒకటి అప్పు చేసి కొన్నాను, అది నా తెలివితక్కువతనం. యంత్రం ఇంట్లో ఉంటే దానికి తగిన గుండెనొప్పులు కనిపించడం మొదలవుతాయని నాకు నేనే అనుభవంతో తెలుసుకుని రెండేళ్లలో అమ్మేశాను.

ఇక మిగిలింది నేను నిజంగా చేయగలిగిన పని, అంటే షుగరు, బీపీ, థైరాయిడ్, ఆస్తమా వంటి జీవితాంతం ఉండే జబ్బులను సంవత్సరాల తరబడి కనిపెట్టుకుని ఉండడం. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. ఇంతమందికి సూపర్ స్పెషాలిటీ ఐసీయూ అవసరం లేదు, అవసరం రాకుండా చూసే మనిషి కావాలి. రక్తంలోని చక్కెర ఎర్ర రక్తకణానికి అంటుకుంటుంది, ఆ కణం దాదాపు 120 రోజులు బతుకుతుంది కాబట్టి, మా రోగులు "మూడు నెలల షుగరు" అని పిలుచుకునే పరీక్ష గడచిన రెండు మూడు నెలల సంగతి దాచకుండా చెబుతుంది. నా ప్రాక్టీసు మొత్తం ఆ మూడు నెలల చక్రం మీద తిరుగుతుంది. రిసెప్షన్‌లో ఒక పొడవాటి రిజిస్టరు ఉంది. కంప్యూటరు వచ్చినా ఆ పుస్తకం తీసేయలేదు. అందులో ప్రతి రోగి పేరు ఎదురుగా తర్వాత రావలసిన తేదీ, మూత్రంలో ఆల్బుమిన్ (కిడ్నీ దెబ్బతింటే కనిపించే ప్రొటీన్) ఎప్పుడు చూశాం, కళ్ల డాక్టరుకు ఎప్పుడు చూపించారు, పాదాలు ఎప్పుడు పరీక్షించాం అన్న గడులు ఉంటాయి. తేదీ దాటి వారమైతే ఆ అమ్మాయి ఫోను చేస్తుంది. "పిన్నిగారూ, పెళ్లి పనుల్లో ఉన్నారని తెలుసు, శుక్రవారం పరగడుపున రండి" అంటుంది. ఆ ఒక్క ఫోను కాలు మా ప్రాక్టీసుకు చేసే మేలు ఏ ప్రకటనా చెయ్యదు.

పాదాల పరీక్ష గురించి కొంచెం ఎక్కువ రాయనివ్వండి, అది నాకు ఇష్టమైన విషయం. పది గ్రాముల బలానికి వంగే నైలాన్ పోగు ఒకటి ఉంటుంది. దాన్ని పాదం కింద కొన్ని చోట్ల ఆనించి, కళ్లు మూసుకున్న రోగిని తెలుస్తోందా అని అడుగుతాం. మా వైపు మనుషులు వరిచేలలో, చెరువు గట్ల మీద చెప్పుల్లేకుండా తిరుగుతారు, బురదలో చెప్పులతో నడవడం కుదరదు కూడా. స్పర్శ పోయిన పాదానికి గవ్వ ముక్క గీరినా తెలియదు, వారం తర్వాత వాసన వస్తేనే తెలుస్తుంది. మేడ మీద మంచాలున్న రోజుల్లో అలాంటి పాదాలను నేను చీము పట్టాకే చూశాను, చూసి పడక ఇచ్చాను, బిల్లు వేశాను. ఇప్పుడు ప్రతి గురువారం మా కాంపౌండరుగారు, ఆస్పత్రి పోయిందని బాధపడిన ఆయనే, చిన్న పీట మీద కూర్చుని ఒక్కొక్కరి పాదమూ ఒళ్లో పెట్టుకుని ఆ పోగుతో చూస్తారు. తేడా కనిపిస్తే నన్ను పిలుస్తారు.

రోగి జేబు ఏ రోజు ఎలా ఉందో తెలియకుండా ఇక్కడ ఈ రకం వైద్యం సాగదు. భీమవరం ఆరోగ్యం రొయ్య ధర మీద ఆధారపడి ఉంటుంది. 2025 ఆగస్టులో మన రొయ్యలు కొనే అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు చెరువుల రైతులు, ఫ్యాక్టరీలో రొయ్యలు ఒలిచే ఆడవాళ్లు, లారీ డ్రైవర్లు తేదీలు తప్పడం మొదలుపెట్టారు. మందులు మానేశామని ఎవరూ చెప్పరు. రోజు విడిచి రోజు వేసుకుంటారు, ఇన్సులిన్ యూనిట్లు తగ్గించుకుంటారు, అడిగితే "వాడుతూనే ఉన్నానండి" అంటారు. అందుకని ఆ రిజిస్టరు పక్కనే మందుల ధరల పట్టీ కూడా పెట్టుకున్నాను. షుగరు మందుల్లో విల్డాగ్లిప్టిన్ పేటెంటు 2019 చివర్లో, సిటాగ్లిప్టిన్‌ది 2022లో, ఎంపాగ్లిఫ్లోజిన్‌ది 2025 మార్చిలో ముగిశాక వాటి ధరలు బాగా దిగాయి. చవకైన కంపెనీకి మార్చి రాయడం, ఖరీదైన కొత్త ఇన్సులిన్ అందుకోలేనివారికి పాత రకం ఇన్సులిన్‌ను భోజన వేళలు చెప్పి సర్దడం, జన ఔషధి దుకాణం దారి చూపడం కూడా వైద్యంలో భాగమే. ఇలాంటప్పుడు రోగిని మందలించి పంపితే అతను మందు మానడమే కాదు, మన దగ్గరికి రావడమూ మానేస్తాడు.

ఇంకో మార్పును పదేళ్ల కిందట ఊహించలేదు. నా ఎదుట కూర్చున్న డెబ్బయ్యేళ్ల దంపతుల బదులు నిర్ణయం తీసుకునే మనిషి డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటాడు. తల్లి చీటీని ఫోటో తీసి పంపితే, వాడు అక్కడ చదివింది చదివి, అర్ధరాత్రి నాకు పది ప్రశ్నలు పంపుతాడు. మొదట్లో చిరాకు పడేదాన్ని. దూరాన ఉన్నవాడి అపరాధ భావం అలా ప్రశ్నలుగా వస్తుందని తర్వాత అర్థమైంది. 2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైన రోజునే, టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వెలువడ్డాయి. వీడియోలో చూసి పాత రోగికి మందులు కొనసాగించడానికి అవి వీలు కల్పించాయి. ఆ అలవాటునే కొనసాగించి, ఆదివారం ఉదయం రెండు గంటలు విదేశాల్లో ఉన్న పిల్లలకు కేటాయించాను. తల్లిదండ్రులు ఎదురుగా కూర్చుంటారు, వాళ్లు ఒప్పుకున్న మేరకే మాట్లాడతాను, దానికి మామూలు ఫీజే తీసుకుంటాను. మిగతా వేళల్లో వచ్చే వాట్సాప్ సందేశాలకు రిసెప్షన్ అమ్మాయి "ఆదివారం మాట్లాడతారండి" అని జవాబిస్తుంది. 2025 మార్చిలో మౌంజారో మన దేశంలోకి వచ్చినప్పుడు బరువు తగ్గే సూది కావాలని మొదట అడిగింది ఇక్కడివాళ్లు కాదు, వాళ్ల తరఫున అక్కడి పిల్లలే.

కాగితం పని పెరిగిందని అందరూ అంటారు. 1995లో సుప్రీంకోర్టు వైద్య సేవను వినియోగదారుల చట్టం పరిధిలోకి తెచ్చిన నాటి నుంచి మా వృత్తిలో భయం ఉంది, ఆ భయంతో రాసే పరీక్షలూ ఉన్నాయి. నా అనుభవంలో భయానికి మందు ఇంకో స్కానింగు కాదు, రాత. ఏం చూశాను, ఏం అనుమానించాను, ఏం చెప్పాను, రోగి ఏది వద్దన్నాడు అన్నవి ఆ నిమిషమే తెలుగులో రాసి, ఒక ప్రతి వాళ్ల చేతికే ఇస్తాను. రోగి అడిగితే 72 గంటల్లో రికార్డు ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ పాత నియమావళే చెబుతోంది. మా దగ్గర 72 నిమిషాలు కూడా పట్టదు. మందుల చీటీలో కంపెనీ పేర్లు కాక జెనెరిక్ (మందు అసలు) పేర్లే రాయాలన్న నిబంధన 2023 ఆగస్టు 2న వచ్చి, మూడు వారాలకే పక్కకు పెట్టబడింది. రోగి ఆరోగ్య రికార్డులను కంప్యూటరులో ఒకచోట కలిపే ఆభా సంఖ్యల నమోదుకు మాత్రం ఒక పూట ఒక మనిషిని కూర్చోబెట్టాను. రోగి ఊరు మారితే అతని చరిత్ర అతనితో వెళ్లడం మంచిదే, అయితే అంతవరకు నేను నమ్మేది వాళ్ల చేతిలో ఉన్న ప్లాస్టిక్ కవరులోని కాగితాలనే. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం నియమాలు 2025 నవంబరులో వచ్చాక, వరండాలో పేరూ జబ్బూ కలిపి గట్టిగా పిలిచే అలవాటును మాన్పించాను. దానికి చట్టం దాకా ఆగి ఉండకూడదు.

ఇప్పుడు నాకున్న చిక్కు వేరు. నాకు అరవై దగ్గర పడుతోంది. ఒక పెద్ద సంస్థ మనుషులు వచ్చి, ఈ చోటును తమ శాఖగా మారుస్తామని, నన్ను జీతం మీద ఉంచుతామని అడిగారు. వాళ్లు చూసిన మొదటి వస్తువు ఆ రిజిస్టరే. నెలకు ఇందులో ఎంతమంది అడ్మిషన్లవుతారు అని అడిగారు, నేను టీ ఇచ్చి పంపించాను. మా అమ్మాయి చెన్నైలో రేడియాలజీ చదువుతోంది, ఈ గదిలోకి రాదు. అందుకని ఈ సంక్రాంతి తర్వాతి నుంచి మంగళ, శని సాయంత్రాలు ఒక కుర్ర ఫిజీషియన్‌ను కూర్చోబెడుతున్నాను. ఫీజు అదే, టోకెన్ల లెక్క అదే, మందుల కంపెనీలవాళ్లు ఇచ్చే పెన్నులు బల్ల మీద ఉండకూడదన్న నియమమూ అదే. మొదటి మంగళవారం వచ్చిన పదకొండు మందిలో ఏడుగురు గుమ్మంలోనే ఆగి, "అమ్మగారు లేరా?" అన్నారు. కాంపౌండరుగారు ఆ ఏడుగురినీ లోపలికి తీసుకువెళ్లి కూర్చోబెట్టి, "కొత్త డాక్టరుగారు మీ పుస్తకం నిన్న రాత్రే చదివేశారండి" అని చెప్పారట. నలుగురు ఉండిపోయారు, ముగ్గురు శుక్రవారానికి టోకెను తీసుకుని వెళ్లిపోయారు.